డిక్కీలో బ్యాటరీ

మెట్‌పల్లి బస్టాండు వెనక సందులోంచి దేవదాస్ ఇంటికి పావుగంట నడక. ఆ పావుగంట నడకకు దశరథానికి మూడు రోజులు పట్టింది.

మూడు రోజుల క్రితం దేవదాస్ భార్య కొమురవ్వ దశరథం షెడ్డు ముందుకొచ్చి, "మా ఆయిన నిన్నొక్కసారి ఇంటికి రమ్మంటుండు బావా" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది. అప్పటినుంచి అతని చేతిలో స్క్రూడ్రైవరు నిలవలేదు. బండ్ల వైరింగు పనిలో ఇరవై ఏళ్ల చెయ్యి అది. ఊళ్లో ఏ మోటారు మొరాయించినా ముందు దశరథాన్నే పిలుస్తారు.

రాజం కారు తగలబడి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన రాజం ఒక పాత అంబాసిడర్ కొని, అక్కడినుంచి తెచ్చుకున్న టేపు, ఆంప్లిఫయరు, పళ్లెమంత స్పీకర్లు అందులో పెట్టించుకున్నాడు. ఇంజను ఆపి పాటలు పెడితే గంటలో బ్యాటరీ దిగిపోతోందని, డిక్కీలో రెండో బ్యాటరీ బిగించమన్నాడు. దశరథం బిగించాడు. పదకొండో రోజున కోరుట్ల దారిలో వెనక సీటు కింద పొగ లేచింది. బండి నడుపుతున్న దేవదాస్, వెనక కూర్చున్న రాజం తల్లి బుచ్చవ్వనూ రాజం భార్యనూ కిందికి లాగి, మంట ఆపబోయి రెండు చేతులూ కాల్చుకున్నాడు. కారు అస్థిపంజరం మిగిలింది.

పంచాయితీ ఊరి పెద్ద గోపాల్‌రావు దొర ఇంటి వరండాలో జరిగింది. దేవదాస్ కరీంనగర్ పెద్ద దవాఖానలో ఉన్నాడు కాబట్టి అతని తరఫున మాట్లాడే మనిషే లేడు. "నీ పనిల ఏమన్న తప్పున్నదారా?" అని గోపాల్‌రావు అడిగితే, "లేదు దొరా, నేను ఫ్యూజు ఏసే ఇచ్చిన" అన్నాడు దశరథం. ఎవరో దేవదాస్ బీడీ సంగతి ఎత్తారు. బీడీ నిప్పుకు కారు కాలుతుందా అని అతన్నే అడిగారు. అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి. "కాలుతది దొరా. సీటుల స్పంజీ ఉంటది గదా" అన్నాడు.

ఆ ఒక్క మాటతో దేవదాస్ నౌకరీ పోయింది. బీడీ తాగి బండి కాల్చిన డ్రైవరని పేరు పడ్డాక మరొకరు తాళంచెవి చేతికివ్వరు.

ఇప్పుడు ఆ దేవదాస్ ఇంటి ముందు, తలుపు కొట్టడానికి చెయ్యి లేవక నిలబడ్డాడు దశరథం. మధ్యాహ్నం పన్నెండు దాటింది. వాడంతా చిత్రంగా నిశ్శబ్దంగా ఉంది. ఎప్పుడూ సందులో ఉరికే చిన్నపిల్లలు ఒక్కరూ కనబడలేదు.

"లోపలికి రా బావా" అంది కొమురవ్వ. తలుపు తెరిచే ఉంది.

ఆమె లోపలి అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. పక్కనే కట్టలు కట్టిన బీడీలు వరసగా ఉన్నాయి. ఈ ఊళ్లో సగం ఆడవాళ్ల బతుకు ఆ చాటలోనే తెల్లారుతుంది. కానీ ఇరవై రెండు రోజులుగా ఆమె చాటకు వేరే పేరు వచ్చింది. కార్ఖానాలో బీడీలు అప్పగించడానికి వెళ్తే, "నీ బీడీయేనటనే కారు కాలవెట్టింది" అని నవ్వేవాళ్లు ఉన్నారు. ఆ సంగతి దశరథానికీ తెలుసు. అతని భార్యే ఇంటికొచ్చి చెప్పింది. నవ్వుతూనే చెప్పింది.

దేవదాస్ మంచం మీద లేచి కూర్చున్నాడు. ముప్పై ఐదేళ్ల మనిషి, నెలలో పదేళ్లు పెద్దవాడయ్యాడు. ఎడమచేతి కట్టు విప్పేశారు. కుడిచేతి చివరి రెండు వేళ్లు అరచేతి వైపు ముడుచుకుపోయి, మధ్యలో చర్మం గులాబిరంగులో మెరుస్తోంది. దశరథం గోడకున్న క్యాలెండరు వైపు చూశాడు. చూపు అక్కడే ఉంచి కూర్చున్నాడు.

"ఎట్లున్నదే తమ్మీ?"

"జర నయమే అన్నా. డాక్టరు చేతి ఏళ్లు తెరుసుకుంట మూసుకుంట ఉండుమన్నడు. గీ రెండు మాట ఇంటలెవ్వు." దేవదాస్ నవ్వాడు. "చాయ్ పెట్టు కొమురవ్వా, అన్నకు."

చాయ్ వచ్చింది. దేవదాస్ గ్లాసును రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని తాగుతుంటే, దశరథానికి తన పది వేళ్లూ బరువనిపించాయి. గ్లాసు కింద పెట్టేశాడు.

"నీతోని ఒక ముచ్చట చెప్పాల్నని పిలిపిచ్చిన అన్నా" అన్నాడు దేవదాస్. "నా కడుపుల పెట్టుకొని ఉండలేకపోతున్న."

వచ్చింది అనుకున్నాడు దశరథం. ఈ క్షణం కోసమే మూడు రోజులుగా జవాబులు కూర్చుకున్నాడు. వైరు మంచిదే పెట్టిన. గుంతల రోడ్డు. సీటు కింద నువ్వే ఏదో సామాను పెట్టినవ్. అన్నీ నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి.

"గా దినం నేనే నిన్ను తొందరపెట్టిన" అన్నాడు దేవదాస్. "యాదికున్నదా? 'రాజం నా పానం తింటుండు, జల్ది కానియ్యే అన్నా' అని నీ నెత్తిమీద నిలవడ్డ. నిమ్మళంగ చేసుకోనిస్తే నువ్వు మంచిగనే చేస్తుంటివి. దవాఖానల పండుకొని గిదే సోచాయించిన. గీ మాట నేను ఎవలకూ చెప్పలే. చెప్తే నీ పనికి మచ్చ వస్తదని నోరు మూసుకున్న. తప్పు నాదే అన్నా. నన్ను మాఫ్ చెయ్యి."

తిట్లకు సిద్ధపడి వచ్చిన మనిషికి చేతులు జోడించిన మనిషి ఎదురయ్యాడు. అవి జోడించడానికి కూడా సరిగ్గా కుదరని చేతులు.

"పోనీలే తమ్మీ" అన్నాడు. "అయిందేదో అయింది."

ఆ మాట తన నోటినుంచి వచ్చాక గానీ దాని అర్థం అతనికి తెలియలేదు. తను క్షమించాడు. తను కాల్చిన మనిషిని తనే పెద్దమనసుతో క్షమించాడు. తేలికగా వచ్చేసిందది, చాయ్ బాగుందన్నంత తేలికగా. లేచి వెళ్లిపోతే అంతటితో అయిపోతుంది. దేవదాస్ జీవితాంతం తనదే తప్పనుకుంటాడు, కొమురవ్వ తన బీడీదే తప్పనుకుంటుంది. ఊరు బీడీనే నమ్ముతుంది.

అతను లేచాడు కూడా.

"ఇంకొక్కటి అడుగుత, కూసో" అన్నాడు దేవదాస్. "నువ్వు తెలిసినోనివి. నాకు ఇప్పటిదాంక సమఝ్ కాలే. పొగ రాంగనే ముసలామెను, కోడలిని దించిన. దించి ఇంజను బంద్ చేసిన. బానెట్ లేపి ముందటి బ్యాటరీ వైరు పీకి పారేసిన. ఇగ కరెంటు లేనట్టే గదా? మరి ఎనుక మంట ఎందుకాగలే అన్నా? సీటు కింద వైరు ఎర్రగ కాగుతనే ఉండె. అందుకనే డిక్కీకి ఉరికి, గా బ్యాటరీ వైరు చేతులతోని పట్టి గుంజిన. ముందుగాల డిక్కీకే పోతే కారు దక్కేదా? నేను డ్రైవర్ను, నేనేమన్న ఎనుకముందు చేసిన్నా?"

దశరథం నిలబడ్డచోటే ఉండిపోయాడు.

ఇరవై ఏళ్ల క్రితం ఆదిలాబాద్‌లో జిన్నింగ్ మిల్లుల రోడ్డు మీద, పత్తి దూది ఎగిరొచ్చి వీపుకు అతుక్కునే ఒక రేకుల షెడ్డులో, తనకు పని నేర్పిన ఉస్తాద్ చెప్పిన మొదటి పాఠం ఇదే. దేవదాస్ అడుగుతున్నది అచ్చంగా ఆ పాఠానికి ప్రశ్న. కళ్లు మూసుకుని చెప్పగలడు జవాబు.

"నువ్వేం తప్పు చెయ్యలే" అన్నాడు. "డ్రైవరు చెయ్యాల్సిందంత చేసినవ్. మంట ఆగలేదంటే నా పని వల్ల."

కొమురవ్వ కత్తెర ఆగింది.

"రెండు బ్యాటరీలు పెడితే నడిమిట్ల వైరుకు రెండు దిక్కుల నుంచి కరెంటు వస్తది తమ్మీ. ముందటి నుంచి వస్తది, ఎనుక నుంచీ వస్తది. ఒక దిక్కు తీసేస్తే ఇంకొక దిక్కు కాలవెడుతనే ఉంటది. అందుకనే రెండు బ్యాటరీల కాడ రెండు ఫ్యూజులు ఉండాలె. బ్యాటరీకి జానెడు దూరంల. వైరు యాడన్న రేకుకు తగిలిందంటే ఫ్యూజు కొట్టేసి కరెంటు బంద్ అయితది. నేను ఎనుక ఎయ్యలే. ముందట ఒక్కటే ఏసిన."

"మర్చిపోయినవా?" అన్నాడు దేవదాస్ మెల్లగా. "నేను తొందరపెట్టబట్టి?"

ఇంకా తలుపు తెరిచే ఉంచుతున్నాడు ఈ మనిషి. అందులోంచి దూరిపోవచ్చు.

"కాదు." దశరథం ఇప్పుడు ఆ చేతుల వైపే చూశాడు. బలవంతంగా చూశాడు. "నువ్వు చాయ్ తాగనీకి పోయినవ్. అప్పుడు రాజం, వాని దోస్తులు నలుగురు వచ్చిండ్రు. పాట పెట్టి చూపెట్టుమన్నరు. వాండ్లు ఎనుక సీట్ల కూసోంగనే ముందటి ఫ్యూజు కొట్టేసింది. ఇంకొకటి ఏసిన. అదీ కొట్టేసింది. రాజం నవ్విండు. 'దుబాయిల గంట పని, మెట్‌పల్లిల మూడు దినాలా దశరథం' అన్నడు. అందరు నవ్విండ్రు."

అతనికి ఆ నవ్వు ఇప్పటికీ వినిపిస్తోంది.

"ఫ్యూజు ఉత్తగ కొట్టెయ్యదు. వైరు యాడనో తగులుతున్నదని చెప్తది. సీటు లేపి చూడాలె. చూస్తే కనవడేది. డిక్కీ రేకుకు రంధ్రం కొట్టి వైరు గుంజిన. రేకు అంచుకు రబ్బరు పెట్టలే. గా అంచుకు గీసుకొని వైరు తోలు లేసింది. సీట్ల మనిషి కూసుంటే రాగి పోయి రేకుకు తగులుతున్నది. నాకు తెలుసు. గట్ల ఉంటదని తెలుసు. కానీ వాండ్ల ముందట సీటు లేపి, నా తప్పు నేనే ఎతుక్కునుడు నాకు నామోషీ అనిపిచ్చింది. ఫ్యూజు తీసేసి, రాగితీగ నాలుగు పోగులు చుట్టిన. తీగ కొట్టెయ్యదు. పాట మోగింది. వాండ్లు చప్పట్లు కొట్టిండ్రు."

కొమురవ్వ చాట పక్కన పెట్టింది.

"అయితే మా బీడీ కాదా?" అంది.

"కాదు కొమురవ్వా."

"బీడీతోని కాలుతదని పంచాయితీల నువ్వే అన్నవట గదా."

"అన్న."

"తెలువక అన్నవా, తెలిసి అన్నవా?"

దశరథానికి ఆమె ముఖం చూసే ధైర్యం లేకపోయింది. "తెలిసే అన్న" అన్నాడు.

కొమురవ్వ ఏడవలేదు, అరవలేదు. బీడీకట్టల వైపు చూస్తూ, "నేను ఈయన జేబుల బీడీలు పెట్టుడు బంద్ చేసిన" అంది. "అడిగితే తిట్టిన. నీవల్లనే నీ చేతులు పాడైనయని దవాఖానల మంచం కాడ నిలవడి తిట్టిన. నర్సమ్మలు ఇన్నరు. మా అవ్వ ఇన్నది. ఈయన తిరిగి ఒక్క మాట అనలే." ఇప్పుడు ఆమె భర్త వైపు తిరిగింది. "బీడీ తాగలే అని ఎందుకు చెప్పకపోతివి?"

"చెప్పిన" అన్నాడు దేవదాస్. "గంతకుముందే మూడుసార్లు చెప్పిన. నువ్వు నమ్మలే."

ఆ మాట తనకు తగిలినంతగా ఆమెకు తగలలేదేమో అనుకున్నాడు దశరథం. ఆమె పైట చెంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాక అలా అనుకున్నందుకు కూడా సిగ్గుపడ్డాడు. ఒక్క అబద్ధం ఎక్కడెక్కడికి పాకిందో అతను లెక్క వేసుకోలేదు. రాజం ముందు, గోపాల్‌రావు ముందు తన పరువు నిలిస్తే చాలనుకున్నాడు. ఈ ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య కూడా అది వచ్చి పడుకుందని ఇప్పుడే చూశాడు.

"తమ్మీ" అని ఒక అడుగు ముందుకేశాడు.

"పో అన్నా" అన్నాడు దేవదాస్. గోడ వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "ఇప్పుడైతే పో. నిన్ను చూస్తే నాకు మంచిగనిపిస్తలేదు."

దశరథం గడప దాటాడు. చెప్పులు తొడుక్కుంటుండగా లోపలినుంచి పిలుపు వినిపించింది.

"ఆగు!"

దేవదాస్ మంచం దిగి గుమ్మంలోకి వచ్చాడు. ముఖంలో అలసట పోయి, ఎదురుగా ఏదో అడ్డం వచ్చినప్పుడు డ్రైవరు ముఖంలో కనబడే చురుకు వచ్చింది.

"గిట్ల ఇంకెన్ని బండ్లకు పెట్టినవ్?"

"దేనికీ పెట్టలే. నీ బండి ఒక్క..."

అని ఆగిపోయాడు. ఉంది. దసరాకు ముందు కొండల్‌రావు కిరాయి మెటాడోర్ వ్యానుకు పెట్టాడు. పెళ్లిళ్లకు తిప్పే బండి, పాటలుంటే గిరాకీ ఉంటుందని ఆ పెద్దమనిషి పెట్టించుకున్నాడు. బ్యాటరీ వెనక సీటు కింద. ముందు ఫ్యూజు సరిగ్గానే ఉంది, తీగ చుట్టలేదు. కానీ వెనక ఫ్యూజు లేదు. రేకు రంధ్రంలో రబ్బరు లేదు. నాలుగు నెలలుగా గుంతల్లో వైరు ఆ అంచుకు రాసుకుంటూనే ఉంది.

"కొండల్‌రావు మెటాడోర్" అన్నాడు. "డ్రైవరు పక్కన ఒక స్విచ్చు ఉంటది. పాటలు పెట్టేటప్పుడు అది ఏస్తరు. ఎయ్యకపోతే ఎనుక బ్యాటరీ వైరుకు తగులదు, ఫికర్ లేదు. ఏస్తేనే..."

"అయ్యో!" కొమురవ్వ అరుపుకు ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. "ఇయ్యాల్ల వసంత పంచమి గదా బావా! వాడోళ్లంత పలకలు వట్టుకొని, పిల్లలకు అక్షరాభ్యాసం చేపిస్తమని పొద్దుగాల్లనే బాసరకు పోయిండ్రు. గా బండ్లనే పోయిండ్రు!"

సందు ఎందుకు అంత నిశ్శబ్దంగా ఉందో అప్పుడు అర్థమైంది దశరథానికి.

టెలిఫోను దగ్గరలో గోపాల్‌రావు ఇంట్లోనే ఉంది. దశరథం పరుగెత్తాడు. వెనక దేవదాస్ చేతులు ఛాతీకి ఆనించుకుని వస్తున్నాడు. వరండాలో గోపాల్‌రావు పడకకుర్చీలో ఉన్నాడు. ఫోను పక్కన ముక్కాలిపీట మీద, దుబాయి నుంచి రావలసిన కాల్ కోసం రాజం కూర్చుని ఉన్నాడు. దేవదాస్‌ను చూసి ముఖం తిప్పుకున్నాడు.

"ఏందిరా, చెప్పులతోనే ఎక్కినవ్?" అన్నాడు గోపాల్‌రావు.

దశరథం కిందికి చూసుకున్నాడు. నిజమే. విప్పలేదు. విప్పడానికి ఆగలేదు కూడా.

"బాసరకు ఫోన్ చెయ్యాలె దొరా. మీరు రూము కట్టిచ్చిన సత్రంకు. మెటాడోర్ల పాటలు పెట్టద్దని చెప్పాలె."

"ఇయ్యాల్ల పాటలు వద్దంటవ్, రేపు వంట కూడ చెయ్యద్దంటవ్" అన్నాడు రాజం. "నా కాల్ వచ్చే యాల్లయింది."

దశరథం అతని వైపు తిరిగాడు. ఏ మనిషి నవ్వుకు జంకి ఇదంతా చేశాడో ఆ మనిషే ఎదురుగా ఉన్నాడు.

"రాజం, నీ కారు నేను కాలవెట్టిన" అన్నాడు. "దేవదాస్ బీడీ తాగలే. ఫ్యూజు తీసేసి రాగితీగ చుట్టిన నేను. మీ అవ్వ, నీ పెండ్లాం బతికిండ్రంటే వాని చేతుల వల్ల. పంచాయితీల అబద్ధం చెప్పిన దొరా. మెటాడోర్ల గూడ ఎనుక ఫ్యూజు లేదు. తర్వాత ఏమన్న చెయ్యుండ్రి నన్ను. ముందుగాల ఫోన్ చెయ్యుండ్రి."

రాజం లేచి నిలబడ్డాడు. ఎవరి వైపు చూడాలో తెలియనట్టు దేవదాస్ ముడుచుకుపోయిన వేళ్ల వైపు చూశాడు. గోపాల్‌రావు ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఫోను అందుకుని, అర్జెంట్ కాల్ బుక్ చేశాడు.

ఇరవై నిమిషాలు పట్టింది లైను కలవడానికి. ఆ ఇరవై నిమిషాలు వరండాలో నలుగురు మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. దశరథం నిలబడే ఉన్నాడు, కూర్చోమని ఎవరూ అనలేదు. అన్నా కూర్చోలేకపోయేవాడు.

ఫోను మోగింది. గోపాల్‌రావు విన్నాడు, రెండు ముక్కలు మాట్లాడి రిసీవరు దశరథం చేతిలో పెట్టాడు. "నువ్వే చెప్పు."

"హలో, సత్రమా? మెట్‌పల్లి నుంచి. మా ఊరి మెటాడోర్ వచ్చింది గదా, పిల్లలతోని. డ్రైవర్ను జర పిలువుండ్రి."

అవతలి గొంతు తాపీగా ఉంది. "మెట్‌పల్లి బండా? పోయింది గదా భాయ్. భోజనాలు చేసి అరగంట కిందనే ఎల్లిండ్రు."

"పాటలు..." దశరథం రిసీవరును చెవికి గట్టిగా అదిమాడు. "పాటలు పెట్టిండ్రా?"

అవతలి మనిషి నవ్వాడు.

"పెట్టకుంట పోనిస్తరా? పిల్లలంత ఎనుక సీట్లల్ల ఎక్కి ఒకటే లొల్లి. బండి గేటు దాటంగనే మొదలుపెట్టిండ్రు."